తెలిస్తే చెప్పొచ్చు గద?

"మీకు తెల్సు గద సార్. తెలిస్తే చెప్పొచ్చు గద?"

తొమ్మిదో తరగతి కుర్రాడొకడు నన్నీ మాట అడిగి రెండేళ్ళయింది. అప్పట్లో మా ఆఫీసు వాళ్ళం కొంతమందిమి శనివారాలు హైదరాబాదు శివార్లలో ఒక ప్రభుత్వ హైస్కూలుకి వెళ్ళేవాళ్ళం. నా వంతు లెక్కలు. ఆ వారం మహా ఉత్సాహంగా వెళ్ళాను. జపాన్‌లో లెక్కల క్లాసులు ఎలా జరుగుతాయో అంతకు ముందే కాస్త చదివి ఉన్నాను. పద్ధతి ముందే చెప్పేయకూడదు, సమస్య ఇచ్చి పిల్లల్నే తంటాలు పడనివ్వాలి అన్నది ఆ చదువులోంచి నేను మూటగట్టుకున్న సారాంశం. బోర్డు మీద పక్కపక్కనే రెండు పొలాలు గీశాను. మధ్య గట్టు తిన్నగా లేదు, ఒకచోట మోచెయ్యిలా వంగింది. ఇద్దరి భూమీ గజం తగ్గకుండా, గజం పెరగకుండా ఆ గట్టుని తిన్నగా చెయ్యాలి, ఎలా చేస్తారో చెప్పండి అని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. ముందు బెంచీలో ఇద్దరు అమ్మాయిలు స్కేలు పెట్టి ఏవో గీతలు గీసి చెరిపేశారు. మిగిలినవాళ్ళు బొమ్మని నీటుగా నోట్సులోకి ఎక్కించి, పెన్నుల మూతలు పెట్టేసి నా మొహంకేసి చూస్తున్నారు. అప్పుడే మూడో వరసలోంచి ఆ ప్రశ్న వచ్చింది. వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. నేను నవ్వి, "నువ్వే కనుక్కోవాలి, అదే మజా" అన్నాను. వాడు ఇంకేం మాట్లాడకుండా నోట్సు మూసేశాడు. ఆ నోట్సు మూసిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందులో కోపం లేదు. ఇలాంటి సార్లని ఇదివరకే చూశాం అన్నట్టుంది.

అవును, తెలిసీ ఎందుకు చెప్పకూడదు? ఆకలితో ఉన్నవాడి ముందు డబ్బా మూత తియ్యకుండా నిలబడి, వంట నేర్చుకో అనడం లాంటిదే కదా ఇది? ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా ఫ్యాషనబుల్ అభిప్రాయం.

ఆ లెక్క నాది కాదు. 1995 నాటి టిమ్స్ అంతర్జాతీయ అధ్యయనంలో భాగంగా జర్మనీ, జపాన్, అమెరికా దేశాల్లో 231 ఎనిమిదో తరగతి గదుల్లో పాఠాలని వీడియో తీశారు. జేమ్స్ స్టిగ్లర్, జేమ్స్ హీబర్ట్ 1999లో ఆ వీడియోల మీదే 'ద టీచింగ్ గ్యాప్' అనే పుస్తకం రాశారు. పిల్లలు సొంతంగా పనిచేసే సమయంలో ఏం చేస్తున్నారని లెక్కగడితే, అమెరికాలో నూటికి 96 వంతుల సమయం అప్పటికే చూపించిన పద్ధతిని మళ్ళీ మళ్ళీ సాధన చేయడానికే పోతోంది. జపాన్‌లో అది 41 వంతులు. దాదాపు అంతే సమయం, అంటే 44 వంతులు, కొత్త పద్ధతులు ఆలోచించడానికి వెళుతోంది. ఆ జపాన్ పాఠాల్లో బాగా పేరుపడింది ఈ గట్టు పాఠమే.

అసలు పాఠంలో ఏం జరిగిందన్నది మాత్రం నేను సరిగ్గా చదవలేదు. న్యూయార్క్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ అలన్ సీగల్ తర్వాత ఈ పాఠాన్ని నిమిషం నిమిషం విడగొట్టి చూశాడు. ఎవరో కనిపెట్టిన సిస్టం డయాగ్రామ్‌ని నమ్మకుండా లాగ్స్ తెరిచి చూసే ఇంజనీరు పని అది, అందుకే నాకు నచ్చింది. ఆ టీచరు గట్టు బొమ్మ గియ్యడానికి ముందే, ఒకే ఆధారం మీద, రెండు సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు సమానం అన్న సంగతిని కంప్యూటర్ తెర మీద కదిలించి మరీ గుర్తుచేశాడు. గట్టు ప్రశ్న ఆ తర్వాత. పిల్లలు ఒంటరిగా ఆలోచించడానికి మూడు నిమిషాలు. ఆ తర్వాత కావాలంటే స్నేహితుల్ని అడగొచ్చు, టీచర్ని అడగొచ్చు, ముందే రాసిపెట్టిన సూచనల కార్డులు తీసి చూసుకోవచ్చు. ఆయన బల్లల మధ్య తిరుగుతూ ఎవరు ఏ దారిలో ఉన్నారో కనిపెడుతున్నాడు. ఆ తర్వాత పిల్లలు బోర్డు దగ్గరికొచ్చి తమ పద్ధతులు చెప్పారు.

నేను మూడు నిమిషాలని పది చేశాను. ముందు చెప్పాల్సింది చెప్పలేదు. కార్డులు లేవు. నేను దిగుమతి చేసుకున్నది ఒక్క మౌనాన్నే.

జవాబు అడుగుతారేమో, చెప్పేస్తాను. గట్టు పైగట్టు దగ్గర అ అనే చోట మొదలై, ఆ దగ్గర వంగి, కిందిగట్టు దగ్గర ఇ అనే చోట ముగుస్తుంది అనుకోండి. అ నుంచి ఇ కి ఒక తాడు లాగండి. ఇప్పుడు వంకర చోటు ఆ నుంచి ఆ తాడుకి సమాంతరంగా ఇంకో తాడు లాగితే అది కిందిగట్టుని ఎక్కడో తాకుతుంది, దాన్ని ఈ అందాం. అ నుంచి ఈ కి తిన్నగా వేసిందే కొత్త గట్టు. పాత వంకర వల్ల ఏర్పడ్డ త్రిభుజం, కొత్త గట్టు వల్ల ఏర్పడ్డ త్రిభుజం, రెండింటికీ ఆధారం మొదటి తాడే; రెండింటి శిఖరాలూ రెండో తాడు మీదే ఉన్నాయి. కాబట్టి వైశాల్యం మారదు. కిందకి బదులు పైగట్టు వైపు చేసినా కుదురుతుంది. అంటే సరైన జవాబులు కనీసం రెండు.

ఇంతా చేస్తే ఇది మనకి కొత్త లెక్కేం కాదు. మన తొమ్మిదో తరగతి పుస్తకంలో వైశాల్యాల పాఠం చివర రామయ్య అనే ఆయన స్థలం ఉంటుంది. నాలుగు మూలల స్థలంలో ఒక మూలని బడి కోసం పంచాయతీ తీసుకుంటుంది, దానికి సమానమైన జాగా పక్కనే ఇచ్చి మొత్తం స్థలం త్రిభుజాకారంలో వచ్చేలా చెయ్యాలి. లోపలున్న గణితం అచ్చంగా ఇదే. ఎన్సీఈఆర్టీ పాత పుస్తకంలో రామయ్య బదులు ఇత్వారీ, బడి బదులు ఆరోగ్య కేంద్రం ఉండేవి. 'ఆలోచించి, చర్చించి, రాయండి' అనే పెట్టెలు కూడా మన పుస్తకాల్లో ఉంటాయి. నేను చూసిన గైడులో ఆ పెట్టెలకి కూడా జవాబులున్నాయి, చర్చతో సహా! మంచి సమస్యలు లేక మన పిల్లలు వెనకబడ్డారు అనడం కుదరదు. సమస్య క్లాసులోకి వచ్చాక దానికి ఏం గతి పడుతుందన్నది వేరే సంగతి.

ఇంకోటి కూడా నాకు ఆ రోజు తట్టలేదు. తెలుగు మీడియం పుస్తకంలో ఆధారాన్ని 'భూమి' అంటారు. 'ఒకే భూమి, ఒకే సమాంతర రేఖల మధ్య గల త్రిభుజాలు' అని ఉంటుంది సిద్ధాంతం. నేను పొలాల గురించి అడుగుతూ పదిసార్లు భూమి అన్నాను. లెక్కలో ఏ భూమి గురించి మాట్లాడుతున్నానో పిల్లలకి ఎలా తెలియాలి?

తెలిసినవాడు చెప్పకుండా ఊరుకోవడం గురించి పాత కథ ఒకటుంది. ప్లేటో రాసిన 'మెనో' సంభాషణలో సోక్రటీస్ ఒక బానిస కుర్రాడిని పిలిచి, రెండడుగుల భుజం ఉన్న చతురస్రానికి రెట్టింపు వైశాల్యం ఉన్న చతురస్రం గియ్యాలంటే భుజం ఎంత ఉండాలని అడుగుతాడు. నాలుగు అంటాడు కుర్రాడు. వైశాల్యం రెట్టింపు కాదు, నాలుగు రెట్లయి కూర్చుంటుంది. మూడు అంటాడు. అదీ కాదు, తొమ్మిది వస్తుంది. చివరికి నాకు తెలియదు అంటాడు. తాకితే తిమ్మిరెక్కించే చేపలాగా మనం వీడికి తిమ్మిరెక్కించాం, దీనివల్ల వీడికి చెడు జరిగిందా అని సోక్రటీస్ మెనోని అడుగుతాడు. లేదంటాడు మెనో. ఇంజనీరింగ్ రోజుల్లో చదివినప్పుడు నాకూ లేదనే అనిపించింది. ఇప్పుడు చదివితే రెండు విషయాలు కళ్ళబడుతున్నాయి. ఒకటి, కర్ణం గీసి చూపించింది సోక్రటీసే. కుర్రాడి లోపల ఉన్న జ్ఞానమే బయటకొచ్చింది అని ఆయన ఎంత వాదించినా గీత గీసిన చెయ్యి ఆయనది. రెండు, చెడు జరిగిందా అన్న ప్రశ్న యజమానిని అడిగారు, కుర్రాడిని అడగలేదు. మా కుర్రాడు కనీసం తనంతట తనే అడిగాడు.

ఉద్యోగంలో నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను. అవతలివాళ్ళకి ఒక సమస్య ఇచ్చి, నాకు తెలిసిన జవాబు చెప్పకుండా నలభై నిమిషాలు కూర్చోవడం నాకు అలవాటే. అక్కడ నా మౌనం ఒక తూనిక. నువ్వెంత తూగుతావో చూస్తున్నాను అని దాని అర్థం, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. క్లాసులో మౌనం అది కాకూడదు, నీకు ఆలోచించుకునే వ్యవధి ఇస్తున్నాను అని కావాలి. అయితే బయటి నుంచి చూస్తే రెండు మౌనాలూ ఒక్కలాగే ఉంటాయి. పైగా మన బళ్ళలో సారు ప్రశ్న వేసి ఆగాడంటే తర్వాత జరిగేది పిల్లలకి బాగా తెలుసు. లేపి నిలబెడతాడు, పక్కవాడితో చెప్పిస్తాడు, నలుగురూ నవ్వుతారు. ఏళ్ళ తరబడి అలాంటి మౌనాల్నే చూసినవాడు నా మౌనాన్ని ప్రేమగా ఎందుకు అర్థం చేసుకోవాలి?

చెప్పి తీరాలి అనేవాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. 2006లో పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ రాసిన వ్యాసం దీని మీద బాగా చర్చ లేపింది. మనిషి బుర్రలో ఒకేసారి పట్టి ఉంచుకోగలిగే విషయాలు చాలా కొన్నే. కొత్తవాడిని చీకట్లో వెతుక్కోమంటే ఆ కాస్త చోటూ వెతుకులాటకే ఖర్చయిపోతుంది, నేర్చుకోవడానికి మిగలదు. కాబట్టి మొదట్లో చేసి చూపించిన లెక్కలే మేలు అని వాళ్ళ మాట. నా అనుభవమూ అదే. నేను ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది ఇతరులు రాసిన కోడ్ చదివే. ఎవరూ నన్ను ఖాళీ స్క్రీన్ ముందు కూర్చోబెట్టి కనుక్కో అనలేదు.

వాళ్ళు అనని ఇంకో మాట నాకు తోస్తుంది. చెప్పడం అనేది మన దగ్గర అమ్మకానికి దొరుకుతుంది. మా అక్క కూతురు చదివే స్కూల్లో టీచరు ఏదైనా చెప్పకుండా వదిలేస్తే సాయంత్రం మా బావ చెబుతాడు, లేకపోతే ట్యూషన్‌లో చెబుతారు, అదీ కాకపోతే ఫోన్‌లో యాప్ చెబుతుంది. శనివారం క్లాసు కుర్రాడికి నేను చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు. ఒకే పాఠం, ఒకే మౌనం. ఖరీదు మాత్రం ఒక పిల్లకి ఒకటి, ఇంకో పిల్లాడికి ఇంకొకటి. వాడి ప్రశ్నలో ఇంత ఉందని ఆ రోజు నాకు తెలియలేదు. మీకు ఎవరో చెప్పారు కాబట్టే మీరు ఇక్కడున్నారు, మాకు చెప్పడానికేం? అన్నాడు వాడు, వేరే మాటల్లో.

అలాగని చెప్పేస్తే సరిపోతుందా అంటే, చెప్పేసే చదువులో పుట్టి పెరిగినవాణ్ణి నేను. ఇంటర్‌లో మా లెక్కల మేష్టారు ప్రతి అధ్యాయానికీ 'మోడల్స్' ఇచ్చేవారు. ఈ మోడల్ వస్తే ఇలా, ఆ మోడల్ వస్తే అలా. మంచి ర్యాంకు వచ్చింది, అబద్ధం ఆడను. కానీ కొత్త మోడల్ ఎదురైతే మాకు ముందు కలిగేది కుతూహలం కాదు, అన్యాయం జరిగిందన్న భావన. 'ఈ మోడల్ చెప్పలేదు సార్' అనేవాళ్ళం, ఏదో ఒప్పందం మీరినట్టు. ఉద్యోగంలో చేరాక మొదటి రెండేళ్ళు ఈ రోగం వదిలించుకోవడానికే పోయాయి. లెక్కలంటే ఎవరో ఎక్కడో చేసి పెట్టేసిన వస్తువు, మనం డెలివరీ తీసుకోవడమే అన్న నమ్మకం చాలా లోతుకి దిగుతుంది. పద్యాల్లో లెక్కలు చెప్పిన పావులూరి మల్లన భాష మనది. లెక్కని వినోదంగా చూసిన రోజులు మనకీ ఉన్నాయి. అది వేరే వ్యాసం అనుకోండి.

మార్కుల సంగతి తేల్చకుండా ఈ చర్చ కదలదు. ఇలాంటి పాఠాల్ని సమర్థించేవాళ్ళు ఎప్పుడూ ఫలితాలు మెరుగవుతాయి అనే చెబుతారు. ప్రభుత్వాలు డబ్బులిచ్చేది ఆ మాటకే. నాకు ఇందులో ఒక చిక్కు కనిపిస్తుంది. మార్కుల కోసమే పిల్లల్ని ఆలోచింపజేస్తున్నామంటే, రేపు బట్టీతో ఇంకో రెండు మార్కులు ఎక్కువొస్తాయని ఎవరైనా రుజువు చేసినప్పుడు ఆలోచన మానిపించాలి. అలా మానిపించడానికి మనం ఒప్పుకోం. అంటే అసలు కారణం మార్కులు కాదన్నమాట. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా పిల్లల ఆలోచనకి గణితపు తీరు అలవడటమే పెద్ద లక్ష్యమని, అంకెలతో పనికొచ్చే నైపుణ్యం చిన్న లక్ష్యమని విడదీసింది. చదవడానికి బావుంటుంది. కానీ 2022 అసర్ సర్వేలో గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చెయ్యగలిగినవాళ్ళు దాదాపు నాలుగో వంతే. మిగిలిన ముగ్గురి దగ్గర చిన్న లక్ష్యం అని ఎలా అంటాం? మార్కులు ముఖ్యం కాదు అనే మాట మార్కులొచ్చినవాళ్ళ నోటే ఎక్కువ వినిపిస్తుంది. నా నోటితో సహా. ఆ కుర్రాడికి పదో తరగతి పాసవడం అంటే పాలిటెక్నిక్కా, బైక్ మెకానిక్ షెడ్డా అన్న తేడా. వాడి మార్కుల్ని పణం పెట్టి నా విద్యా సిద్ధాంతాన్ని పరీక్షించుకునే అధికారం నాకు లేదు. అందుకే నేను చేరిన చోటు ఇది: మార్కులు ఈ పాఠాలకి కారణం కావు, షరతు. తగ్గకూడదు. తగ్గితే ఆపెయ్యాలి.

చెప్పడం, చెప్పకపోవడం అని రెండుగా చీల్చి చూడటమే తప్పేమో అని అనిపించడానికి చాలా రోజులు పట్టింది. మను కపూర్ అనే పరిశోధకుడు సింగపూర్ బళ్ళలో చేసిన పనిలో పిల్లలు ముందు గింజుకుంటారు, చాలామంది జవాబు దాకా చేరరు, ఆ తర్వాత టీచరు పూర్తిగా చెబుతాడు. చెప్పడం మానలేదు, దాని వేళ మారింది. అడగడానికి పిల్లాడి దగ్గర ఏదో ఒకటి తయారయ్యాక చెబుతాడు. జపాన్ టీచర్లు పాఠంలో చర్చ జరిగే భాగాన్ని నెరియాగె అంటారట, పిండి పిసికినట్టు పిసకడం అని అర్థం. పిసకాలంటే ముందు పిండీ నీళ్ళూ ఉండాలి. నేను ఖాళీ పళ్ళెం ఇచ్చి పిసకమన్నాను.

నాకు బాగా పనికొచ్చింది ఇంగ్లండులో నాటింగ్‌హామ్ యూనివర్సిటీ షెల్ సెంటర్‌లో మాల్కం స్వాన్ చేసిన పని. ఆయన 2017లో పోయాడు. బతికుండగా ఆయనా హ్యూ బర్కార్ట్ కలిసి చేసిన కృషికి 2016లో ఎమ్మా కాస్టెల్నువో అవార్డు వచ్చింది. వాళ్ళు తయారుచేసిన పాఠాల్లో ఒక చిన్న ఉపాయం ఉంది. పిల్లలు కాసేపు తమంతట ప్రయత్నించాక, ఊహించి రాసిన కొందరు విద్యార్థుల జవాబులు చేతికిస్తారు. ఒకటి సగంలో ఆగిపోయి ఉంటుంది, ఒకటి పొడుగాటి దారి పట్టి ఉంటుంది, ఒకదాంట్లో తప్పుంటుంది. వీళ్ళు ఎలా ఆలోచించారో చెప్పండి, మీరైతే ఏం మారుస్తారో చెప్పండి అని అడుగుతారు. జవాబు దాదాపు చెప్పేసినట్టే, అయినా పని పిల్లలదే. సున్నా నుంచి పుట్టించడం రానివాడికి కూడా తప్పు పట్టడం వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే కోడ్ రివ్యూ అంటాం, కొత్తగా చేరినవాళ్ళు పని నేర్చుకునేది చాలావరకు అక్కడే.

మూడు వారాల తర్వాత మళ్ళీ అదే గట్టుతో వెళ్ళాను. ముందు పావుగంట త్రిభుజాలు. ఆధారాన్ని భూమి అనకుండా 'అడుగు గీత' అన్నాను, ఆ పేరు పిల్లలే పెట్టారు. తర్వాత గట్టు, ఐదు నిమిషాలు. ఆ తర్వాత బోర్డు మీద రెండు జవాబులు రాశాను. మొదటిదాంట్లో ఎవరో వంకరని కంటితో అంచనావేసి మధ్యగా గీత కొట్టేశారు. రెండోది సమాంతర రేఖ గీసి అక్కడే వదిలేసింది. ఎవరిది ఒప్పు అన్నాను. ముందు బెంచీ అమ్మాయిల్లో ఒకామె వచ్చి రెండోదాన్ని పూర్తిచేసింది. ఇంకొకామె పైగట్టు వైపు కూడా కుదురుతుందని గీసి చూపించింది. క్లాసులో సగం మందికైనా అర్థమయిందా అంటే, ఖచ్చితంగా చెప్పలేను. వెనక బెంచీ వాళ్ళు ఆ రోజూ బొమ్మే ఎక్కించుకున్నారు.

మూడో వరస కుర్రాడు చెయ్యెత్తాడు.

"సార్, జాగ ఒక్కతీరే అయింది, కరెక్టే. గానీ మా ఊర్ల గెట్టు పంచాయితీ గిట్ల తెగది. బోరు ఈ మూలకున్నదనుకోండి, కొత్త గెట్టు పడితే అటోని దిక్కు పోతది. గప్పుడెట్ల?"

క్లాసంతా నవ్వింది. వాడు కూడా నవ్వాడు. నేను బోర్డు మీద బోరు గుర్తు వేసి, అది పోకుండా గట్టు తిన్నగా రావాలంటే రెండు దారుల్లో ఏది పనికొస్తుందని అడిగాను. కొన్నిచోట్ల పైదారి కాపాడుతుంది, కొన్నిచోట్ల కిందిది. రెండూ కాపాడలేని చోటు ఉంటుందా అని వాడే అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే అప్పటికి తెలియదు. బెల్లు కొట్టేదాకా బోరుని బోర్డు మీద అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాం.